సంక్రాంతి ఎగ్జిబిషన్‌లో రాట్నాలు: ఏవి ఎక్కవచ్చు, ఏవి వద్దు

గోదావరి పాయ పక్కనున్న మా పట్టణంలో, కాలేజీ మైదానంలో ఏటా సంక్రాంతికి ముందు దిగే ఎగ్జిబిషన్ ఈసారి కూడా వచ్చింది. శివరాత్రి వెళ్ళేదాకా ఉంటుందని మైకు కట్టిన ఆటోలో ఊరంతా చెప్పుకుపోతున్నారు. దుప్పట్ల దుకాణాల గురించి, జాడీల గురించి, ఏ వస్తువైనా ఒకే ధర అంటూ కేకలు పెట్టే ప్లాస్టిక్ సామాను గురించి కొత్తగా రాయడానికి ఏమీ లేదు. ఢిల్లీ అప్పడం ఎప్పటిలాగే చూపుకు ఘనం, రుచికి అంతంతమాత్రం. ఈ సమీక్ష మైదానం వెనక సగంలో నిలబెట్టిన రాట్నాలకూ రైడ్లకూ పరిమితం. నిర్వాహకుల పేరు ఇక్కడ రాయడం లేదు. ఒకే యజమాని రాట్నాలు ఒక ఊళ్ళో ఒక బోర్డు కింద, మరో ఊళ్ళో మరో బోర్డు కింద తిరుగుతుంటాయి కనుక, పేరు చూసి ఎక్కడం వల్ల పాఠకులకు ఒరిగేది లేదు; చూడవలసినవి వేరే ఉన్నాయి. పాలిటెక్నిక్‌లో మెకానికల్ విద్యార్థులకు చాలాకాలం పాఠాలు చెప్పినవాణ్ణి కనుక నా కన్ను రంగు బల్బులకన్నా ముందు బోల్టుల మీదికి పోతుంది. ఆ మేరకు ఇందులో వినోదం పాలు తగ్గితే మన్నించాలి.

సంచార ఎగ్జిబిషన్‌లో ఒక రైడ్ మంచిదా కాదా అన్నది, దాన్ని ఎవరు తయారుచేశారన్న దానికన్నా, ఈ ఊళ్ళో, ఈ నేల మీద, ఈసారి ఎలా బిగించారన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. హైదరాబాదు శివార్లలో రావిర్యాల దగ్గర 2016లో తెరిచిన వండర్‌లా వంటి స్థిరమైన పార్కులో రైడ్ పునాది కాంక్రీటులో ఉంటుంది, దాన్ని నడిపే సిబ్బంది రోజూ అదే యంత్రాన్ని చూస్తుంటారు. మైదానంలో దిగే రాట్నానికి ఆ వీలు లేదు. నెలకో నెలన్నరకో దాన్ని ముక్కలుగా విప్పి లారీల మీద వేస్తారు, గతుకుల రోడ్ల మీద తీసుకుపోతారు, మరో ఊళ్ళో అవే పిన్నులతో, అవే బోల్టులతో మళ్ళీ నిలబెడతారు. స్థిరమైన పార్కు అయినంత మాత్రాన గండం గడిచినట్టు కాదన్నదీ నిజమే. 2019 జూలైలో అహ్మదాబాద్ కాంకరియా చెరువు దగ్గరి పార్కులో లోలకంలా ఊగే రైడ్ విరిగిపడి ప్రాణాలు పోయాయి. కానీ సంచార రైడ్లకు విప్పడం, బిగించడం అనే అదనపు పని ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది, పొరపాటుకు అక్కడ చోటు ఎక్కువ. అందుకే నేను ముందు మైదానం చుట్టూ తిరిగి, రాట్నాల కాళ్ళ కింద ఏముందో చూసి, ఆ తరవాతే టికెట్టు కౌంటరు దగ్గరికి వెళ్ళాను.

ముందుగా జెయింట్ వీల్. తెలుగునాట తిరునాళ్ళలో నాలుగు పెట్టెల చెక్క రాట్నాన్ని మనుషులే చేతులతో తిప్పే రోజులు మా తరంవారికి గుర్తే. ఊచల మీదికి ఎగబాకి, తమ బరువుతోనే చక్రాన్ని కిందికి లాగే కుర్రవాళ్ళ సాహసం, అందులో కూర్చున్నవారి సాహసం కన్నా పెద్దది. ఇప్పటి ఇనుప చక్రం వంశం వేరు. వంతెనలు కట్టే ఇంజినీరు జార్జి ఫెర్రిస్ 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో 264 అడుగుల ఎత్తున, 36 పెట్టెలతో నిలబెట్టిన చక్రం దానికి పూర్వీకుడు. ఆ చక్రం ఒకచోట నిలబెట్టడానికి చేసినదే గాని ఊరూరా తిప్పడానికి పనికొచ్చేది కాదు. దాన్ని ఎక్కి చూసిన విలియం సల్లివాన్ అనే మరో వంతెనల మనిషి 1900లో ఇల్లినాయి రాష్ట్రంలో జాక్సన్‌విల్ ఊళ్ళో విప్పి తీసుకుపోగల చిన్న చక్రాన్ని తిప్పి చూపించాడు. మన మైదానాల్లో దిగే చక్రాలన్నీ ఆ రెండో ఆలోచనకు వారసులు. ఎంత ఎత్తున కడతామన్నది కాదు, ఎంత త్వరగా విప్పి, ఎంత సరిగ్గా మళ్ళీ కూర్చగలమన్నదే వాటికి అసలు పరీక్ష.

ఈ ఎగ్జిబిషన్ వారి చక్రం సుమారు 60 అడుగులు ఉంటుంది, ఆ పరీక్షలో బాగానే నెగ్గింది. మా కాలేజీ మైదానం ఒకప్పటి వరి చేలను మట్టితో పూడ్చి చదును చేసినది. పైన గట్టిగా కనిపించినా లోపల మెత్తగా ఉంటుంది. అటువంటి నేల మీద చక్రం కాళ్ళను నేరుగా నిలబెడితే ఒక పక్క కుంగడం ఖాయం. ఇక్కడ పీఠం కింద రైలు స్లీపర్ల వంటి మొద్దు దుంగలను ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా పేర్చారు, వాటి మీద జాకీలు ఎత్తారు, జాకీల మీద పీఠాన్ని కూర్చారు. సాయంత్రం చక్రం తిరగడం మొదలుపెట్టక ముందు ఒక పెద్దాయన తాపీ మేస్త్రీల దగ్గర ఉండే రసమట్టం పీఠం మీద నాలుగు మూలలా పెట్టి చూడటం, ఒక మూల జాకీని కాస్త తిప్పి మళ్ళీ పెట్టి చూడటం నా కంటపడింది. నేల రోజూ కొంచెం కొంచెం అణుగుతుందని తెలిసినవాడు చేసే పని అది.

"రోజూ ఇలాగే చూస్తారా?" అని అడిగాను.

"ఎక్కించే ముందు ఖాళీ చక్రం తిప్పి చూడందే టికెట్టు కొయ్యనివ్వను సార్. నిన్న ఈ పక్క వేలెడు దిగింది," అన్నాడు.

జనాన్ని ఎక్కించే పద్ధతి కూడా మెచ్చుకోదగినది. జెయింట్ వీల్ దగ్గర విసుక్కునేవారు చాలామంది, పెట్టెలను వరసగా నింపకుండా ఒక పెట్టె నింపి, సగం చుట్టు తిప్పి, ఎదుటి పెట్టె నింపడం ఎందుకని అడుగుతుంటారు. చక్రానికి ఒక పక్కనే బరువు పడితే మోటారు ఆ బరువునంతా ఎత్తవలసి వస్తుంది, ఆపినప్పుడు చక్రం బరువైన వైపు వెనక్కి జారాలని చూస్తుంది. ఎదురెదురు పెట్టెలు సమంగా నిండితే మోటారుకు మిగిలే పని రాపిడిని గెలవడమే. ఇక్కడి ఆపరేటరు మనుషులను కంటితోనే తూచాడు. నలుగురు పెద్దవాళ్ళు ఒక పెట్టెలో కూర్చుంటే ఎదుటి పెట్టెలోకి కాలేజీ పిల్లలను కాకుండా మరో భారీ కుటుంబాన్ని పిలిచాడు. పైకి వెళ్ళినప్పుడు కొబ్బరి తోటల నల్లటి గీత, దాని మీదుగా గుడి గోపురం దీపాలు, కాలువ గట్టు రోడ్డు మీద పోయే లారీల వెలుగులు కనిపిస్తాయి. చలి కూడా కాస్త ఎక్కువే తెలుస్తుంది, పసిపిల్లలకు మఫ్లరు కట్టడం మంచిది. నూరు రూపాయల టికెట్టుకు ఎక్కించే సమయం పోను తిరిగే సమయం తక్కువే అనిపించినా, ఆ డబ్బు దండగ అనను.

ఒక లోపం మాత్రం ఉంది. పెట్టె తలుపుకు రెండు రక్షణలు ఉండాలి: ఒకటి గొళ్ళెం, రెండోది అది పొరపాటున ఊడినా తలుపు తెరుచుకోకుండా ఆపే పిన్ను లేదా గొలుసు. చాలా పెట్టెలకు రెండూ ఉన్నాయి. ఒక పెట్టెకు రెండోది లేక, దాని స్థానంలో సెంట్రింగ్ పనిలో వాడే బైండింగ్ వైరు చుట్టి ఉంది. వైరు బలహీనమా అంటే అంత బలహీనం కాకపోవచ్చు; కానీ అది ఒకసారి మెలిపెట్టి విప్పిన చోట, ఇంకోసారి మెలిపెడితే తెగుతుంది, రాత్రికి ఎన్నిసార్లు విప్పి చుడతారో లెక్క ఉండదు. ఎక్కేవారు తలుపు వేసిన తరవాత గొళ్ళెంతో పాటు ఆ రెండో పిన్నును కూడా చూసుకోవాలి, లేకపోతే ఆ పెట్టెను వదిలేసి తరవాతి దానికి ఆగాలి. ఆగుతామంటే ఆపరేటరు కాదనలేదు.

కొలంబస్ విషయంలో నా అభిప్రాయం అంత మెత్తగా ఉండదు. రెండు పక్కలా త్రికోణపు స్తంభాల మీద వేలాడే ఆ పెద్ద పడవను తోసేది పైన ఉన్న ఇరుసు కాదని చాలామందికి తెలియదు. పడవ అడుగున, వేదిక మధ్యలో ఒక రబ్బరు టైరు ఉంటుంది, దాన్ని మోటారు తిప్పుతుంది. పడవ కిందికి వచ్చి టైరును ఒరుసుకుంటూ పోయే ఆ కొద్ది క్షణాల్లోనే టైరు దాన్ని ముందుకు నెడుతుంది, తిరిగి వచ్చేటప్పుడు దిశ మార్చుకుని అటు నెడుతుంది; ఊయలను సరిగ్గా అదునులో తోసినట్టు, ప్రతి తోపుకూ ఎత్తు కొంత పెరుగుతుంది. ఆపవలసి వచ్చినప్పుడు కూడా అదే టైరు రాపిడితో ఆపుతుంది. అంటే నడిపేదీ నిలిపేదీ ఒక్కటే. టైరు నున్నగా అరిగిపోయినా, దాని మీద గ్రీజు పడినా, రాత్రి పొద్దుపోయాక మంచు తడి చేరినా, ఆగమన్నప్పుడు పడవ ఆగదు. ఇక్కడి టైరు మీద గాళ్ళు దాదాపు కనిపించడం లేదు. ఆపడం మొదలుపెట్టిన తరవాత పడవ నిలబడటానికి పట్టిన ఊపులు ఉండవలసిన వాటికన్నా ఎక్కువ.

ఎక్కినవారి శరీరానికి ఏమవుతుందో కూడా చెప్పాలి. పడవ నిట్టనిలువు నుంచి 60 డిగ్రీల దాకా ఊగి అక్కడినుంచి కిందికి దిగితే, అట్టడుగున మనిషి తన బరువుకు రెండింతల బరువుతో సీటులోకి నొక్కుకుపోతాడు. పైన, తిరుగుముఖం పట్టే చోట, సీటు అతన్ని సగం బరువు మేరకే మోస్తుంది. అక్కడే పొట్టలో ఏదో తేలినట్టు ఉండేది, అక్కడే శరీరం సీటు నుంచి లేవాలని చూసేది. చివరి వరసల్లో కూర్చున్నవారు ఆ క్షణంలో దాదాపు నిటారుగా కిందికి చూస్తుంటారు; మధ్య వరసల్లో ఆ తీవ్రత చాలా తక్కువ. కాబట్టి ఒడిలో అడ్డంగా పడే ఇనుప కడ్డీ అసలు పని కింద కాదు, పైన. ఈ పడవలో వరసకు ఒకటే కడ్డీ ఉంది, నలుగురికీ కలిపి. వరసలో ఒకరు లావుగా ఉంటే కడ్డీ వారి పొట్ట దగ్గర ఆగిపోతుంది, పక్కనున్న సన్నటి పిల్లవాడికీ దానికీ మధ్య మూరెడు సందు మిగులుతుంది. నా ముందు వరసలో సరిగ్గా అదే జరిగింది. మేనమామ, అత్త, మధ్యలో ఎనిమిదేళ్ళ పిల్లవాడు. పడవ పైకి పోయినప్పుడల్లా ఆ పిల్లవాడు జారి ముందుకు వస్తుంటే మేనమామ ఒక చేత్తో కడ్డీనీ మరో చేత్తో పిల్లవాడి చొక్కానూ పట్టుకుని కూర్చున్నాడు. మెట్ల దగ్గర ఎత్తు కొలిచే బోర్డు ఉంది, దాని మీద ఏనుగు బొమ్మ కూడా వేశారు, కానీ దాని పక్కన నిలబెట్టి కొలిచేవారు ఎవరూ లేరు.

దీనికి తోడు ఆపరేటరు అలవాటు ఒకటి. జనం ఈలలు వేస్తే ఇంకో నాలుగు ఊపులు ఎక్కువ ఇస్తాడు. కింద ఉన్నవారికి అది ఉదారంగా కనిపిస్తుంది, పైన కళ్ళు తిరుగుతున్నవారికి కాదు. చేయి ఎత్తి ఆపమని సైగ చేసిన ఒకావిడను అతను చూశాడో లేదో తెలియదు గాని పడవ మాత్రం ఆగలేదు. ఈ ఒక్క రైడ్ విషయంలో నా సలహా సూటిగా చెబుతాను: పెద్దవారు, ఆరోగ్యవంతులు, తప్పదనుకుంటే మధ్య వరసల్లో ఎక్కండి, పిల్లలను ఎక్కించకండి, నడుము నొప్పి, మెడ నొప్పి, రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు దాని జోలికి పోకండి.

బ్రేక్ డాన్స్, టోరా టోరా రెండూ కడుపులో తిప్పేవే, రెండూ మామూలుగానే ఉన్నాయి. పకోడీ తిని ఎక్కినవారి సంగతి పక్కనున్న చీపురు మనిషికి బాగా తెలుసు.

కానీ తలకిందులుగా తిప్పే రైడ్లు ఎక్కేవారు ఒక ప్రశ్న అడగడం అలవాటు చేసుకోవాలి: మధ్యలో కరెంటు పోతే, మోటారు ఆగితే, మమ్మల్ని ఎలా దింపుతారు? ఇది ఊహకు పుట్టిన భయం కాదు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946 నుంచి నాంపల్లి మైదానంలో సాగుతున్న హైదరాబాదు నుమాయిష్‌లోనే 2025 జనవరిలో ఒక రైడ్ సాంకేతిక లోపంతో మధ్యలో నిలిచిపోయి, ఎక్కినవారు కొంతసేపు తలకిందులుగా వేలాడవలసి వచ్చింది. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు గాని ఆ దృశ్యం ఫోన్లలో రాష్ట్రమంతా తిరిగింది. ఈ ఎగ్జిబిషన్‌లో తలకిందులు చేసే రైడ్ తేలేదు, తేకపోవడమే మేలు. చక్రానికైతే మోటారు ఆగినా చేత్తో తిప్పి ఒక్కో పెట్టెనూ కిందికి తెచ్చే ఏర్పాటు ఉంది, అడిగితే చూపించారు కూడా. జనరేటరు రెండోది సిద్ధంగా ఉంది. ఈ రెండూ నాకు నచ్చాయి.

పిల్లల విభాగం దగ్గర మనసు మళ్ళీ గుంజాటన పడింది. బుల్లి రైలు బాగుంది, నెమ్మదిగా పోతుంది, పట్టాలు నేలకు సమంగా ఉన్నాయి. గాలి నింపిన జంపింగ్ బెలూన్‌ను తాళ్ళతో, మేకులతో నేలకు కట్టారు. మెత్తటి నేలలో మేకులు పొడుగువి కావాలి, ఇక్కడివి పొట్టివి, ఒకటి చేత్తో లాగితే కదిలింది. గాలి బలంగా వీచే మధ్యాహ్నం వేళ దాన్ని దించేస్తున్నారా అని అడిగితే జవాబు సరిగా రాలేదు. మూడేళ్ళ పిల్లలనూ పదేళ్ళ పిల్లలనూ ఒకేసారి లోపలికి వదలడం మరో తప్పు. ఇటువంటి చోట పసివాళ్ళ మీద పెద్దపిల్లలు పడితే గట్టి దెబ్బలే తగులుతాయి.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టినది పక్కనున్న బోటింగ్ తొట్టి. మోకాలి లోతు నీళ్ళు, అందులో బ్యాటరీతో నడిచే ప్లాస్టిక్ పడవలు, తొట్టి అంచున పంపుకు పోయే తీగ. ఆ తీగకు మధ్యలో అతుకు, అతుకు మీద నల్ల టేపు, టేపు చుట్టిన భాగం చిందిన నీళ్ళతో తడిసిన గడ్డిలో పడి ఉంది. చెబితే ఒక కుర్రవాడు వచ్చి దాన్ని రెండు కర్రల మీదికి ఎత్తాడు, మర్యాదగానే. అది సరైన పరిష్కారం కాదు. నీళ్ళ దగ్గర పోయే ప్రతి తీగకూ, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ వచ్చినా క్షణంలో కరెంటు కోసేసే బ్రేకరు ఉండాలి. మామూలు ఫ్యూజు మనిషికి షాకు కొట్టినప్పుడు కదలనైనా కదలదు, దానికి కావలసిన కరెంటు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ బ్రేకరు ఎక్కడుందో చూపించమంటే ఎవరూ చూపించలేకపోయారు. నేనైతే మా మనవరాలిని ఆ తొట్టిలో ఎక్కించలేదు, ఆమె అలిగినా.

ఇక మృత్యుబావి. ఈ ఎగ్జిబిషన్‌లో నిజంగా చూడదగినది ఇదే, నిజంగా మనసును కలతపెట్టేదీ ఇదే. అమెరికాలో చెక్క పలకల రేసు ట్రాకులు నడిచిన గత శతాబ్దం తొలి రోజుల్లో, ఆ ట్రాకుల వంపు గోడలను నిట్టనిలువుగా నిలబెట్టి తయారుచేసిన ఈ ఆట, ఇప్పుడు అక్కడ అరుదైపోయి మన దేశపు మేళాలలో బతుకుతోంది. చుట్టూ చెక్క పలకలు నిలబెట్టి, బయటినుంచి ఉక్కు తాళ్ళను చుట్టలు చుట్టలుగా బిగించి కట్టిన గుండ్రని గోడ. పైన అంచు చుట్టూ ప్రేక్షకులు నిలబడే నడవ. లోపల కింద ఏటవాలు మీద మోటారు సైకిలు ఊపందుకుని గోడ మీదికి ఎక్కేస్తుంది. అప్పుడు నడవ మొత్తం కాళ్ళ కింద కదులుతుంది. పలకలు ఒకదాని తరవాత ఒకటి లోపలికీ బయటికీ కొద్దిగా ఆడుతూ, బండి ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా తెలిసేలా, గుండ్రంగా శబ్దం తిరుగుతుంది. సైలెన్సరు తీసేసిన ఇంజను మోతకు మాట వినపడదు. కాలిన పెట్రోలు వాసన కళ్ళు మండిస్తుంది.

అది మాయ కాదు, కచ్చితమైన లెక్క. గోడ వ్యాసం సుమారు 30 అడుగులు అనుకుంటే, రబ్బరు టైరుకూ చెక్కకూ మామూలుగా ఉండే పట్టుకు, గంటకు 27 కిలోమీటర్ల చిల్లర వేగం కన్నా తగ్గితే బండి గోడను పట్టుకుని ఉండలేదు. ఆ అంచుమీద ఎవరూ నడపరు. 40 కిలోమీటర్ల వేగంలో నడిపేవాడి శరీరం తన బరువుకు దాదాపు మూడింతల బరువుతో గోడవైపు నొక్కుకుపోతుంది, తల నుంచి రక్తం కాళ్ళవైపు దిగుతుంది. అలవాటులేని వాడికి కళ్ళు చీకట్లు కమ్మేది అందుకే. ఆ స్థితిలో ఈ కుర్రవాళ్ళు హ్యాండిల్ వదిలేస్తారు, సీటు మీద అడ్డంగా కూర్చుంటారు, పక్కన అదే గోడ మీద పాత మారుతి కారు తిరుగుతుంటే దాని కిటికీలోంచి బయటికి వచ్చిన మనిషి చేతిని అందుకుంటారు. వాళ్ళ నైపుణ్యం గురించి నాకు రెండో అభిప్రాయం లేదు. ఎనభై రూపాయల టికెట్టు ఆ పనికి ఏ రకంగానూ ఎక్కువ కాదు.

కలతపెట్టేది మరొకటి. హెల్మెట్ లేదు. కింద మెత్త లేదు. ప్రేక్షకులు నడవ అంచుమీద వంగి పది, ఇరవై, యాభై నోట్లు చాచి పట్టుకుంటే, నడిపేవాడు గోడ పై అంచు దాకా వచ్చి వాటిని లాక్కుపోతాడు. ప్రేక్షకులకూ చక్రానికీ మధ్య అప్పుడు జానెడు దూరం. గోడ పై అంచున ఉక్కు తాడు ఒకటే కట్టారు, రెండు ఉండాలి. నోటు ఇవ్వదలచినవారు ఆట ముగిసి అతను కిందికి దిగాక, బయట బల్ల మీద కూర్చుని నీళ్ళు తాగేటప్పుడు ఇవ్వండి. నేను అలా ఇచ్చాను, పుచ్చుకున్నాడు, నమస్కారం కూడా పెట్టాడు. చిన్నపిల్లలను భుజాల మీద ఎక్కించుకుని ఆ అంచున నిలబడటం మాత్రం ఎవరూ చేయకూడని పని.

సిబ్బంది గురించి రెండు మాటలు చెప్పకపోతే అన్యాయం అవుతుంది. చాలామంది బీహారు నుంచి, బెంగాలు నుంచి వచ్చినవాళ్ళు, రాత్రి పదకొండు దాటాక రాట్నాల కింద పరదాలు కట్టుకుని అక్కడే పడుకుంటారు, పొద్దున్నే మళ్ళీ నట్లు బిగిస్తారు. వాళ్ళకు తెలుగు అరకొరగా వచ్చు, జనానికి హిందీ అరకొరగా వచ్చు. కొలంబస్ మెట్ల దగ్గర గుండె జబ్బు ఉన్నవారు ఎక్కవద్దన్న హెచ్చరిక హిందీలోనూ ఇంగ్లీషులోనూ మాత్రమే రాసి ఉంది. లంకగ్రామాల నుంచి సాయంత్రం బండి కట్టించుకుని వచ్చే ముసలమ్మలకు అది ఎవరు చదివి చెబుతారు? ఒక పెయింటరును పిలిచి తెలుగులో రాయించడానికి అయ్యే ఖర్చు ఒక రాత్రి అప్పడాల అమ్మకం పాటి కూడా చేయదు.

ఇటువంటి ప్రదర్శనకు పోలీసు, అగ్నిమాపక, మున్సిపాలిటీ, విద్యుత్ శాఖల అనుమతులు కావాలి. రైడ్ల భద్రతకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 15475 అనే ప్రమాణాన్ని ఇచ్చింది, అంతర్జాతీయంగా ఐఎస్ఓ 17842 ఉంది. 2022 సెప్టెంబరులో మొహాలీలో ఒక ప్రదర్శన మైదానంలో పైకి ఎత్తి దించే డ్రాప్ టవర్ జనంతో సహా ఒక్కసారిగా కిందపడి పలువురు గాయపడ్డారు. అటువంటిది జరిగిన ప్రతిసారీ మొదట వెతికేది కాగితాలనే. ఇక్కడ ప్రవేశద్వారం దగ్గర అనుమతి పత్రాల నకళ్ళు అద్దాల పెట్టెలో అంటించారు, అది మంచి పని. కానీ రైడ్‌వారీగా, ఈ ఊళ్ళో బిగించిన తరవాత మెకానికల్ ఇంజినీరు చూసి సంతకం పెట్టిన పత్రం అందులో నాకు కనిపించలేదు. అడిగితే ఆఫీసులో ఉందన్నారు. ఆఫీసులో ఉండటం కన్నా కొలంబస్ మెట్ల దగ్గర ఉండటం మేలు.

ఖర్చు మాటకొస్తే, ప్రవేశానికి మనిషికి నలభై, ఆపైన ప్రతి రైడ్‌కూ విడి టికెట్టు. అన్నీ ఎక్కితే నలుగురి కుటుంబానికి రెండు వేలు దాటుతుంది. ఒకే టికెట్టుతో రోజంతా ఎక్కనిచ్చే పెద్ద పార్కులతో పోల్చి ఇది ఖరీదనడం పూర్తిగా సరికాదు, ఎందుకంటే అక్కడికి వెళ్ళిరావడానికి రైలు, బస, తిండి ఖర్చులు కలుస్తాయి, ఇక్కడికి సైకిలు మీద రావచ్చు. కానీ అన్నీ ఎక్కవలసిన అవసరం లేదన్నదే నా మాట. చక్రం, మృత్యుబావి, పిల్లలకు బుల్లి రైలు. ఈ మూడింటికి పెట్టిన డబ్బుకు ప్రతిఫలం పూర్తిగా ఉంది.

భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ అటు వెళ్ళకపోవడం మంచిది; ఆ రద్దీలో ఎదురెదురు పెట్టెలు నింపే ఓపిక ఏ ఆపరేటరుకూ ఉండదు. ముక్కనుమ దాటాక, వారం మధ్యలో, సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో వెళితే వరసలు చిన్నవి. రైడ్ల కౌంటర్లలో ఫోను ద్వారా చెల్లింపు తీసుకుంటున్నారు గాని, రాత్రి ఎనిమిది తరవాత సిగ్నలు అందడం కష్టమవుతోంది, చిల్లర వెంట ఉంచుకోండి. కొన్న టికెట్టు వెనక్కి తీసుకోరు, కనుక పిల్లలు అడిగినవన్నీ ఒకేసారి కొనకుండా ఒక్కొక్కటీ కొనండి. బండ్లు పెట్టే చోటు హాస్టలు గోడ వైపు ఉంది, టోకెన్ ఇరవై రూపాయలు. ఆ వైపు దీపాలు ఇంకా వేయలేదు.